తిప్పేష్ ఎత్తిన రాయి

జిల్లా జైలు
18 నవంబర్ 2024

అక్కా,

ప్రభువు నిన్ను ఆ మంచం దగ్గర కూడా కాచుకుని ఉన్నాడని నమ్ముతూ రాస్తున్నాను. నీ మోకాలి చిప్ప రెండు ముక్కలైందని, కర్నూలులో ఆపరేషన్ చేస్తారని వకీలు చెప్పాడు. ఇక్కడ వారానికి రెండుసార్లు ఫోన్ ఇస్తారు, ఐదేసి నిమిషాలు. నీ గొంతు వినగానే ఏడుపొస్తోంది, ఐదు నిమిషాలూ అందులోనే పోతున్నాయి. అందుకే కాగితం అడిగి తీసుకున్నాను. సైన్యంలో పద్దెనిమిదేళ్ళు ఉన్నప్పుడు కూడా నీకు నాలుగు పంక్తులు మించి రాసిన గుర్తు లేదు.

తిమ్మన్న చిన్నాయనను ఎక్కడ పెట్టారు? ఎవరు మోశారు? నాయన పోయాక మనిద్దరినీ సాకిన మనిషి. ఆయన మట్టికి నేను లేకపోయాను.

ఆ ఆదివారం నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. సమాధుల తోటలో షామియానా కింద అందరం లేచి నిలబడ్డాం. పాట అయిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధానికి బస్రా పోయి తిరిగిరాని మన పటాలపోళ్ళ ముప్పై ఒక్క పేర్లు చదవడం మొదలుపెట్టాను. ఏసోబు తాత పేరు దగ్గర ఉన్నప్పుడు గోడ కూలిన చప్పుడైంది. జేసీబీ లోపలికి వచ్చింది, దాని వెంట రాఘవేంద్ర మనుషులు పదిమంది, చేతుల్లో మచ్చుకత్తులు, ఇనుప రాడ్లు. రాఘవేంద్ర వేసిన ప్లాట్లకు రోడ్డు మన తాతల సమాధుల మీదుగానే పోవాలట. చిన్నాయన పోయి ఆ పేర్లు చెక్కిన మన రాతికి వీపు ఆనించి చేతులు చాపి నిలబడ్డాడు. "నన్ను తొక్కిచ్చుకొని పోండప్పా" అన్నాడు. అంతే. జేసీబీ బకెట్ వెనక నుంచి రాతికి తగిలింది. రాయి విరిగి ఆయన మీద పడింది.

తర్వాత అంతా దుమ్ము. మన గేరి మారెమ్మ చెవి పట్టుకుని పరిగెత్తడం చూశాను, వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది. నిన్ను రాడ్డుతో కొట్టడం చూశాను. అటు తిరిగేసరికి జేసీబీ నడిపే తిప్పేష్ కిందికి దిగి, చిన్నాయన గుండె మీద రెండు చేతులా రాయి ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ఒకసారి పడింది చాల్లేదని మళ్ళీ వేయబోతున్నాడు. షామియానా గుంజలకు గుంతలు తీసిన గడ్డపార నా కాళ్ళ దగ్గరే ఉంది. తీసుకుని కొట్టాను. రెండు దెబ్బలు. పుర్రె పగిలిన చప్పుడు నా అరచేతుల్లో ఇంకా ఉంది.

అక్కా, నువ్వు అక్కడికి పది అడుగుల దూరంలో పడి ఉన్నావు. రాయి ఎత్తి వేయబోయాడన్న ఆ ఒక్క మాట నువ్వు చెప్తే చాలని వకీలు అంటున్నాడు. నువ్వు నర్సువు, గుడిలో వాక్యం చదివేదానివి. నీ మాట కోర్టు నమ్ముతుంది. ఆ మాట చెప్తానని నాకు రాసి పంపు.

నీ తమ్ముడు
ప్రతాప్


కర్నూలు, పెద్దాసుపత్రి
27 నవంబర్ 2024

తమ్ముడా,

నీకు శాంతి కలగాలి. నా మోకాలికి ప్లేటు వేశారు. ముప్పై ఏళ్ళు మంచాల పక్కన నిలబడినదాన్ని, మంచం మీద ఉండటం నాకు చేతకావడం లేదు. దుప్పటి సరిగా పరచలేదని ఇక్కడి పిల్ల నర్సులను రోజూ సతాయిస్తున్నాను.

చిన్నాయనను మన సమాధుల తోటలోనే పెట్టారు, నాయన పక్కన. నేను చూడలేదు, మన సంఘం శశికుమార్ వచ్చి చెప్పాడు. పోలీసులు నలభై మందినే లోపలికి పంపారట. వానల్లేక నేల ఇనుములా ఉంది, గుంత తీయడానికి మూడు గంటలు పట్టింది. మన పటాలపోళ్ళ సంఘానికి ఉన్న గడ్డపారలు రెండు. ఒకటి పోలీసులు సాక్ష్యం కింద తీసుకుపోయారు. రెండో దానితో తవ్వారు. శశికుమార్ ఎడమ చేయి విరిగి కట్టులో ఉంది, అయినా ఒంటి చేత్తో మట్టి ఎత్తి పోశాడు. చిన్నాయన బ్యూగిల్‌ను ఊదేవాళ్ళు ఎవరూ లేక ఊరికే పెట్టె మీద పెట్టి, దించేటప్పుడు తీసేశారు.

మారెమ్మ చెవికి పద్నాలుగు కుట్లు. కింది సగం అతకలేదు. మన సంఘంవాళ్ళు రక్తం ఇవ్వడానికి గుత్తి నుంచి టెంపో కట్టుకుని వచ్చారు. ప్రతి ఏడూ శిబిరం పెట్టి ఇచ్చే రక్తం ఈసారి మనవాళ్ళకే ఇచ్చుకున్నాం. ఎప్పుడూ రాని ఆడవాళ్ళు కూడా వచ్చారు.

తిప్పేష్ కూడా ఈ ఆసుపత్రిలోనే ఉన్నాడు, పై అంతస్తులో. తెలివి రాలేదు. అతని కోసం ప్రార్థన చెయ్యి. చెయ్యి అంటున్నాను, తప్పకుండా చెయ్యి.

నువ్వడిగిన సంగతి ఉత్తరంలో రాసేది కాదు. నీ కవరు విప్పి మళ్ళీ అతికించి ఉంది, మీ జైలువాళ్ళ ముద్ర కూడా ఉంది. నా కాలు కుదిరాక వస్తాను. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

అన్నం మానకు.

మీ అక్క
రూతు


జిల్లా జైలు
11 డిసెంబర్ 2024

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నేను అడిగినదానికి జవాబు తప్ప అన్నీ ఉన్నాయి.

మొన్న నీళ్ళ తొట్టి దగ్గర ఇద్దరు నన్ను కొట్టారు. రాఘవేంద్ర ఊరివాళ్ళని తర్వాత తెలిసింది. సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నప్పుడు తల పట్టుకుని తొట్టి అంచుకు కొట్టారు. కనుబొమ్మ మీద ఆరు కుట్లు, ముందు పన్ను ఒకటి పోయింది. ఈమధ్య రోజూ పొద్దున్నే ఒక పదిమందిని కూర్చోబెట్టి పాట పాడించి ప్రార్థన చేస్తున్నాను. వాళ్ళలో ఒకడు అడ్డం రాకపోతే అక్కడే చచ్చేవాణ్ణి. బయట మన సంఘం ఏం చేసేదో లోపల నేను అదే చేస్తున్నాను. కానీ ఆ తిప్పేష్ కోసం మాత్రం నా నోరు పెగలదు. నువ్వు చెయ్యమన్నంత మాత్రాన అయ్యే పని కాదు.

ఇంకొకటి. నిన్న సంఘం నుంచి చౌడప్ప ములాఖత్‌కు వచ్చాడు. నేను లేనప్పుడు కార్యదర్శి పని అతనే చూస్తున్నాడు కదా. నిన్ను చూడటానికి ఆసుపత్రికి వచ్చినప్పుడు నువ్వు మంచం మీద లేవట. వరండాలో చక్రాల కుర్చీలో కూర్చుని తిప్పేష్ పెళ్ళాంతో అన్నం తింటున్నావట. ఒకే డబ్బాలోంచి. చౌడప్ప చెప్తుంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. "మీయక్కను రాఘవేంద్ర మనుషులు వచ్చి కలిసిపోయినారంట, రాజీ మాట్లాడతాండారంట" అని కూడా అన్నాడు.

నిన్ను బెదిరించారా అక్కా? బెదిరిస్తే చెప్పు, బయట మనవాళ్ళున్నారు. బెదిరించకుండానే నువ్వు వాళ్ళ వైపు జరిగితే మాత్రం అదీ చెప్పు. చిన్నాయన ఛాతీ మీద రాయి పడ్డప్పుడు వచ్చిన శబ్దం నువ్వు కూడా విన్నావు.

ప్రతాప్


గుత్తి
4 జనవరి 2025

తమ్ముడా,

కొత్త సంవత్సరం ఆశీర్వాదం అని ఎప్పుడూ రాసినట్టే రాయబోయి ఆగిపోయాను.

నీ కనుబొమ్మ సంగతి చదివాను. కుట్లు విప్పారా? చీము పట్టకుండా చూసుకో, ఉప్పునీళ్ళతో కడుగు.

తిప్పేష్ డిసెంబర్ ఇరవై తొమ్మిదిన పోయాడు. వకీలు నీకు చెప్పే ఉంటాడు, ఇప్పుడు నీ మీద హత్య కేసు. శింగనమల దగ్గర వాళ్ళ పల్లెకు తీసుకుపోయారు. రెండేళ్ళుగా వేరుశెనగ బుడ్డల పంట ఎండిపోతే ఈ బండి నడపడానికి చేరాడట. ఆ రోజు ఏ పనికి పిలిచారో అతనికి ముందు చెప్పలేదట. గోడ పడగొట్టాక లోపల మనుషులను చూసి ఆపాడట, పక్కన ఎక్కినవాడు మెడ మీద కత్తి పెట్టి లివరు తానే లాగాడట. ఇది అతని పెళ్ళాం మారెక్క చెప్పింది. ఆసుపత్రికి తెచ్చే దారిలో కాసేపు తెలివి వచ్చి ఆమెతో చెప్పాడట. నిజమో కాదో నాకు తెలియదు.

అవును, ఆమెతో అన్నం తిన్నాను. ఆమె వరండాలో నలభై ఎనిమిది రోజులు ఉంది. నేను పైకి పోయింది రాజీకి కాదు. ఆ రోజు మోకాలితో పాక్కుంటూ పోయి అతని తలకు నా పైట చింపి కట్టింది నేను. అప్పటి నుంచి అతను నా పేషెంటు. ఎలా ఉన్నాడో చూడకుండా ఉండటం నాకు రాలేదు. రాఘవేంద్ర మనిషి ఒకడు నా మంచం దగ్గరకు వచ్చిన మాట నిజమే. రెండో కాలు కూడా ఉండాదని గుర్తు పెట్టుకోమన్నాడు. వాడి మొహం మీద చీటీలు రాసుకునే అట్ట విసిరాను. ఇంతే రాజీ.

క్రిస్మస్‌కు మన గేరిలో ఏ ఇంటికీ నక్షత్రం కట్టలేదు. సాయంత్రం గుడి మీద రాళ్ళు పడ్డాయి, కిటికీలు పోయాయి. మరుసటి రోజు మనవాళ్ళు కొందరు పోయి రోడ్డు పక్కన ఆపి ఉన్న రాఘవేంద్ర ట్రాక్టరు తగలబెట్టారు. ఫాదరు గారు అడ్డం పోతే ఆయననే తోసేశారు. చౌడప్ప ముందున్నాడు. సంఘం పెట్టింది ఇందుకా అని అడిగితే, పటాలం రక్తమని చెప్పుకునేది మరి దేనికని నన్నే అడిగాడు.

నువ్వు అడిగిన మాట గురించి వకీలు కూడా వచ్చి కూర్చున్నాడు. ఏం చెప్పాలో రెండుసార్లు చెప్పించి చూసుకున్నాడు. నేను తల ఊపలేదు. నన్ను కొంచెం ఓర్చుకో.

రూతు అక్క


జిల్లా జైలు
14 జనవరి 2025

రూతమ్మ గారికి,

అక్కా అని రాయడానికి చెయ్యి రాలేదు.

వాడి మెడ మీద కత్తి పెట్టారని వాడి పెళ్ళాం చెప్తే నీకు సగం నమ్మకం కుదిరింది. చిన్నాయన మీద వాడు రాయి ఎత్తాడని నేను చెప్తుంటే నీకు తల ఊపడానికి రాలేదు. బండి మీద నుంచి బలవంతంగా చేయించారే అనుకుందాం, కిందికి దిగి రాయి ఎత్తమని కూడా మెడ మీద కత్తి పెట్టారా?

చౌడప్ప వస్తూ పోతూ ఉన్నాడు. కనీసం అతనికి ఎవరు తనవాళ్ళో తెలుసు. చిన్నాయన ఉంటే నీ మొహం చూసేవాడు కాదు.

కోర్టులో ఒక్క వాక్యం చెప్పు. చెప్పలేకపోతే రాకు. ఇక ఉత్తరాలు వద్దు.

ప్రతాప్


గుత్తి
27 జనవరి 2025

ప్రతాప్,

వద్దన్నా రాస్తున్నాను. చించెయ్యకుండా చివరి దాకా చదువు. ఇది జైలువాళ్ళు చదువుతారని తెలుసు. చదవనీ.

ముందు మొన్న పంతొమ్మిదిన జరిగింది చెప్తాను. తిప్పేష్ తమ్ముడు జయరాముడు పోలీసులకు వాంగ్మూలం ఇవ్వడానికి గుత్తికి వచ్చి, పొద్దున పదింటికి బస్టాండులో దిగాడు. చౌడప్ప, ఇంకో ముగ్గురు అక్కడ కాచుకుని ఉన్నారు. టీ బంకు ముందు, జనం చూస్తుండగా, అతన్ని కింద పడేసి కుడి చెయ్యి రాతి మీద పెట్టించి మచ్చుకత్తితో కొట్టారు. నాలుగు వేళ్ళు పోయాయి. అవి గోనెసంచిలో ఏరి పెట్టుకుని వాళ్ళూ వీళ్ళూ అతన్ని ఆసుపత్రికి మోసుకొచ్చారు. నేను కర్ర పట్టుకుని పోయి చూశాను. అతను ఆ సంచి వంకే చూస్తూ, అవి ఎండిపోతాండాయి, ఎవరన్నా నీళ్ళు చల్లండి అంటున్నాడు.

సాయంత్రం చౌడప్ప గేరిలో పంపు దగ్గర చెయ్యి కడుక్కుంటుంటే పోయి అడిగాను, ఎవరు చెప్పారురా అని. "ప్రతాపన్నే. ఒగర్ని గూడా వదలొద్దన్నాడు" అన్నాడు.

అది విన్నాక ఇంక దాచను. నవంబర్‌లోనే చెప్పి ఉంటే జయరాముడికి ఈరోజు వేళ్ళు ఉండేవి. ఆ పాపం నాది. ఉత్తరాలు విప్పి చదువుతారన్నది సాకు. నువ్వు తట్టుకోలేవని దాచాను, నీకు శిక్ష పడుతుందని దాచాను.

తిప్పేష్ రాయి చిన్నాయన మీద వేయబోలేదు. ఆయన మీద నుంచి ఎత్తాడు.

నేను పది అడుగుల దూరంలో నేల మీద ఉన్నాను. నా చెంప మట్టికి ఆని ఉంది. దుమ్ములో అందరి కాళ్ళూ కనిపిస్తున్నాయి. అతను బండి దిగి పరిగెత్తాడు, బయటికి కాదు, రాతి దగ్గరికి. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ దూర్చి ఎత్తాడు. మెడ నరాలు ఉబ్బాయి. "ముసిలాయన కింద ఉండాడు, పట్టుకోండప్పా" అని అరిచాడు. రాయి చిన్నాయన ఛాతీ మీద నుంచి జానెడు లేచింది. చిన్నాయన కళ్ళు తెరిచే ఉన్నాయి, ఊపిరి ఆడుతోంది. అప్పుడు నువ్వు వెనక నుంచి వచ్చావు. నీ మొదటి దెబ్బకు అతని చేతులు వదిలేశాయి. రాయి మళ్ళీ చిన్నాయన మీద పడింది.

రెండోసారి పడినప్పుడే చిన్నాయన పోయాడు, ప్రతాప్. ఇది కూడా చెప్పకుండా దాచుకున్నాను. ఇప్పుడు చెప్పేశాను.

కోర్టుకు వస్తాను. దేవుని ఎదుట చెయ్యి ఎత్తి నేను చూసిందే చెప్తాను. చౌడప్ప గురించి కూడా పోలీసులకు చెప్పాను. నిన్ను వదిలేస్తున్నానని అనుకోకు. నువ్వు పుట్టినప్పుడు అమ్మ మంచం దగ్గర దీపం పట్టుకుని ఉన్నది నేను. నాకు ఉన్నది నువ్వొక్కడివే.

రూతు


జిల్లా జైలు
2 మార్చి 2025

అక్కా,

నెల రోజులు నీ ఉత్తరం చొక్కా లోపల పెట్టుకుని తిరిగాను. మొదటి వారం నువ్వు అబద్ధం చెప్తున్నావని నలుగురితో అన్నాను. తర్వాత ఆ మాట అనడం మానేశాను. పొద్దున ప్రార్థనకు కూర్చున్నవాళ్ళు నేను నోరు తెరుస్తానని ఎదురుచూస్తే, మీరే పాడుకోండి అని గోడకు తిరిగి కూర్చునేవాణ్ణి.

నీకు తెలియనిది ఒకటి ఉంది. తిప్పేష్ నోటి మాట నువ్వొక్కదానివే విన్నావని అనుకుంటున్నావు.

మొదటి దెబ్బ కొట్టినప్పుడు నేనేమీ వినలేదు. ఒట్టు. దుమ్ములో రాయి ఎత్తిన చేతులు కనిపించాయి, అంతే. దెబ్బ తగిలాక అతను పక్కకు ఒరిగి, ఒక చెయ్యి నేలకు ఆనించి నా వైపు తిరిగాడు. నెత్తురు కంట్లోకి కారుతోంది. నన్ను కొట్టొద్దని అనలేదు. చెయ్యి చిన్నాయన వైపు చూపించి, "ఎత్తన్నా, ఆయన్న ఎత్తు" అన్నాడు. మెల్లగానే అన్నాడు. నేను విన్నాను. అర్థం కూడా అయింది. అర్థమైన ఆ క్షణంలోనే, నేనేం చేశానో తెలిసిన ఆ క్షణంలోనే, ఆ నోరు ఇంకో మాట అనకూడదని రెండో దెబ్బ కొట్టాను.

అతన్ని పడేసింది మొదటి దెబ్బ. చంపింది రెండోది. అది తెలిసే వేశాను.

అందుకే నీ చేత ఆ ఒక్క వాక్యం చెప్పించాలని అంత పట్టుబట్టాను. నువ్వు చెప్తే అదే జరిగిందని నేనూ నమ్మేవాణ్ణి. నువ్వు రాయనందుకు తిట్టాను. నువ్వు రాసి ఉంటే జీవితాంతం నీ మాట వెనక దాక్కునేవాణ్ణి.

చౌడప్పకు వదలొద్దని చెప్పింది నేనే. జయరాముడి వేళ్ళు కూడా నా లెక్కలోకే వస్తాయి. సూపరింటెండెంటుకు అది రాసిచ్చాను. వకీలును రావద్దని చెప్పాను. అతను వచ్చి చాలాసేపు అరిచాడు. జడ్జి గారు నేరం ఒప్పుకుంటావా అని అడిగిన రోజు, రెండు దెబ్బలూ చెప్తాను. నువ్వు ఒంటరిగా బోనెక్కి నామీద సాక్ష్యం చెప్పే పని పెట్టను. నీ కంటే ముందు నేనే చెప్తాను.

రాఘవేంద్రను మాత్రం వదలకండి. కత్తులతో కాదు. గోడ కూల్చింది ఎవరో, చిన్నాయన మీదికి లివరు లాగింది ఎవరో చూసినవాళ్ళు ముప్పైమంది ఉన్నారు. ఒక్కొక్కరినీ కోర్టుకు తీసుకురా. మన సంఘం అదొక్కటి చేస్తే చాలు.

నన్ను ఇంకా తమ్ముడనే పిలుస్తావా?

ప్రతాప్


గుత్తి
9 ఆగస్టు 2025

తమ్ముడా,

తీర్పు అయ్యాక నిన్ను వెంటనే బండి ఎక్కించారు, దగ్గరికి రానివ్వలేదు. బోనులో నిలబడి మాట్లాడినంతసేపూ నువ్వు వెనక్కి తిరగలేదు. నీ వెనక జరిగింది నువ్వు చూడలేదు కాబట్టి రాస్తున్నాను.

మారెక్క నాలుగో బెంచీలో ఉంది, పక్కన జయరాముడు. నువ్వు మొదటి దెబ్బ గురించి చెప్పేటప్పుడు ఆమె నేల చూస్తూ ఉంది. "ఎత్తన్నా, ఆయన్న ఎత్తు" అని తిప్పేష్ అన్న మాట నువ్వు చెప్పగానే తల ఎత్తింది. జడ్జి గారు ఆపి, నిన్ను ఎవరైనా బలవంతం చేశారా అని మళ్ళీ అడిగారు కదా, లేదు అని నువ్వన్నప్పుడు ఆమె లేచి నిలబడింది. పోలీసామె కూర్చోమంది. కూర్చోలేదు. రెండో దెబ్బ గురించి చెప్పడం అయ్యేదాకా నిలబడే వింది. జయరాముడు మిగిలిన బొటనవేలితో ఆమె కొంగు నొక్కి పట్టుకుని ఉన్నాడు.

నువ్వు ఒప్పుకున్నా సాక్షులను విచారించారు. నేను చూసింది చూసినట్టు చెప్పాను.

బయటికి రాగానే మనవాళ్ళలో కొందరు నా ముందు ఉమ్మేశారు. మారెమ్మ తెగిన చెవి చూపించి, దీనికి జవాబు చెప్పక్కా అంది. ఆమె చెవి కోసినవాడు ఇంకా బెయిలు మీద తిరుగుతున్నాడు. గుడిలో నా బెంచీ మీద ఇప్పుడు ఎవరూ కూర్చోరు. సంఘం పుస్తకంలో నీ పేరు కొట్టేశారు, నా పేరు కొట్టేయాలా వద్దా అని ఇంకా వాదించుకుంటున్నారు. అయినా శశికుమారూ నేనూ ఇల్లిల్లూ తిరిగాం. చిన్నాయన కేసులో సాక్ష్యం చెప్పడానికి ఇప్పటికి పంతొమ్మిది మంది సంతకం పెట్టారు. చివరి సంతకం మారెమ్మది. నాతో మాట్లాడకుండా పెట్టి పోయింది. మొన్న ఒకడు బైకు మీద వచ్చి నా తలుపు మీద పెట్రోలు చల్లి పోయాడు, నిప్పు మాత్రం పెట్టలేదు. ఈ ఇరవై రెండున ఆ కేసు వాయిదా. రాఘవేంద్ర వస్తాడు. నేనూ వస్తాను.

హత్యను నరహత్యకు తగ్గించి జడ్జి గారు వేసిన పదేళ్ళంటే, నువ్వు బయటికొచ్చేసరికి నాకు అరవై ఎనిమిది. ఉంటాను.

కాలు ఇప్పుడు బస్సు మెట్లు ఎక్కుతోంది. వచ్చే శనివారం ములాఖత్‌కు వస్తున్నాను. ఒక్కదాన్నే కాదు. తీర్పు అయిన మూడో రోజు మారెక్క శింగనమల నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. గడప బయటే నిలబడి, "ఆయప్పను చూడల్ల, నన్ను గూడా పిల్చుకపో" అంది. తిట్టడానికో, కొట్టడానికో, ఇంకోసారి ఆ మాట నీ నోటి నుంచి వినడానికో నాకు తెలియదు. సరే అన్నాను.

ఆమె ఏమన్నా తల దించుకోకు తమ్ముడా. ఆమె మొహం చూస్తూ నిలబడు.

మీ అక్క
రూతు